రెండు దీపాల రైలు

హాల్లో లైట్లు ఆర్పేశారు.

ఆర్పుతారని సైగల మేడంకి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు. గ్రంథాలయం హాల్లో వేదికకి ఓ పక్కగా నిలబడి, ఫిజిక్స్ మాస్టారు చెబుతున్న ప్రతి మాటనీ చేతుల్లోకి మార్చి, మొదటి వరసలో కూర్చున్న ఒకే ఒక్క మనిషికి అందిస్తోందావిడ. వాక్యం సగంలో ఉండగా చీకటి పడింది. తెర మీద రైలు బొమ్మ వెలిగింది. మాస్టారు ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. చెవులున్నవాళ్లకి చీకటైతేనేం, వెలుగైతేనేం? చేతులు చూసి వినేవాడికి మాత్రం దీపం ఆర్పడమంటే చెవులు మూసేయడమే. ఈ ముక్క బుర్రకెక్కడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

ఆ మొదటి వరస మనిషికి పుట్టుకతోనే వినబడదు. బేకరీలో పని. ముంజేతుల మీద పొయ్యి కాల్చిన మచ్చలు, ఇస్త్రీ చేసిన చొక్కా. బయట అంటించిన కాగితం మీద 'స్థలం, కాలం: అందరికీ అర్థమయ్యేలా మూడు ఉపన్యాసాలు' అని ఉండి, కింద చిన్న అక్షరాల్లో 'సైగల్లో కూడా' అని ఉంటే, అది చూసి వచ్చాడు. ఇప్పుడాయన జేబులోంచి ఫోన్ తీసి టార్చి వెలిగించి ఆవిడ చేతుల మీదికి పట్టాడు. వెనక వరసల్లో విసుక్కున్నారు. లైటు ఆపమని ఎవరో గట్టిగానే అన్నారు. ఆయనకి వినబడదు కాబట్టి పట్టుకునే ఉన్నాడు. చివరికి వెనకాల కూర్చున్నావిడ వంగి భుజం తట్టి, ఫోన్ వైపు వేలు చూపించి మొహం చిట్లించింది. ఆయన తప్పయిపోయిందన్నట్టు తలూపి ఆర్పేశాడు.

సైగల మేడంకి అరికాలి మంట నెత్తికెక్కింది. గబగబా దిగి, తలుపు దగ్గర నిలబడ్డ లైబ్రేరియన్ని పట్టుకుని, తన మీద పడేలా ఒక్క దీపం ఉంచమంది. లైబ్రేరియన్ చెడ్డవాడు కాడు. ఎవరి మాటా కాదనలేక అందరి చేతా మాట పడే రకం. బొమ్మలు సరిగా కనబడవని మాస్టారు అంటారేమో అన్నాడు. ఆయన్ని మధ్యలో ఎలా అడగడం అన్నాడు. చాలాసేపు నీళ్లు నమిలి, చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"ఒక్కరే కదమ్మా. తర్వాత కూర్చోబెట్టి టూకీగా చెప్పెయ్యరాదూ?"

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. పక్కనున్న చదువుకునే గదిలోకి వెళ్లి, బల్ల మీది దీపం ఒకటి ప్లగ్గు పీకి, తీగ మోచేతికి చుట్టుకుంటూ పట్టుకొచ్చింది. హాల్లో గోడంతా తడిమి ప్లగ్గు కన్నాలు వెతుక్కుంది. దీపాన్ని కుర్చీ మీద పెట్టి దాని మెడ పైకి వంచింది. చేతులు వెలుగులో పడ్డాయి. ఈలోపల మాస్టారు రైలు సంగతి చెప్పడం అయిపోయింది. ఆయన నవ్వుతున్నాడు, హాలంతా నవ్వుతోంది, ఎందుకో ఆవిడకి తెలీదు.

బేకరీ ఆయన కనుబొమలు ఎగరేశాడు. ఏమిటట?

వినలేదు, నాకు తెలీదు అని చెప్పడం ఈ పనిలో ధర్మం. నేర్పేటప్పుడు మొట్టమొదట నేర్పేది అదే. కానీ ఆ మనిషి అప్పటికే చీకట్లో కూర్చుని, పదిమందిలో మందలింపు తిని ఉన్నాడు. ఆవిడకి నోరు రాలేదు, అంటే చేతులు రాలేదు. చెవిన పడ్డ ముక్కలు ఏరుకుంది. రైలుకి ముందొక దీపం, వెనకొక దీపం. ప్లాట్‌ఫాం మీద ఒకడు, పెట్టెలో ఒకడు. రెండు దీపాలూ ఒకేసారి వెలిగాయంటాడు ప్లాట్‌ఫాం మీదివాడు. కాదు, ముందువైపుదే ముందు వెలిగిందంటాడు పెట్టెలోవాడు. కాబట్టి అందరికీ కలిపి ఒక 'ఇప్పుడు' అన్నది లేదు. వీటి మధ్య ఉండాల్సినది ఆవిడే అల్లింది. వెలుగు కూడా వార్తలాంటిదే, నడిచి రావాలి, దూరంగా ఉన్నవాడికి ఆలస్యంగా అందుతుంది, అందుకే ఒకరి ఇప్పుడు ఇంకొకరికి తర్వాత అవుతుంది అని చెప్పింది. చాలా అందంగా చెప్పింది కూడా. ఎడమ అరచేతిలోంచి వార్త బయల్దేరి, వేళ్ల మీద నడిచి నడిచి, కుడి భుజం దగ్గరికి ఉసూరుమంటూ చేరింది.

బేకరీ ఆయన రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత అరచేత్తో మోకాలి మీద ఒక్కటి చరుచుకున్నాడు.

సభ అయ్యాక ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు. చేతులతో మాట్లాడేవాళ్లు సాయంత్రం పూట నడిచే తీరు వేరు. దీపస్తంభం కింద ఆగుతారు, మాట్లాడుకుంటారు, తర్వాతి దీపం దాకా మౌనంగా పోతారు. సైగల్లో నువ్వూ మీరూ లేవు. ఎదుటి మనిషి వైపు వేలు చూపించడమే, మర్యాదంతా మొహంలో ఉండాలి. ఆయన మొహంలో అది కావలసినంత ఉంది.

"ఇది నా సంగతే," అన్నాడాయన చేతులతో. "ఇంట్లో అందరూ నవ్వుతారు. ఎందుకని అడుగుతాను. ఎవరో ఒకరు చెబుతారు. అప్పుడు నేను నవ్వుతాను. అప్పటికి వాళ్ల నవ్వు అయిపోయి నన్నే చూస్తుంటారు. నాకే బుర్ర తక్కువేమో అనుకుంటూ వచ్చాను. కాదన్నమాట. లోకమే అంత. అందరికీ ఒక ఇప్పుడు లేదు."

ఆవిడకి ఒళ్లు ఝల్లుమంది. ఒక మనిషి తన చేతుల్లోంచి ఇంత తీసుకుని ఎన్నాళ్లయింది? అమ్మకీ వినబడేది కాదు. అమ్మ పోయాక ఆవిడ చేతులు పరాయి మాటలు మొయ్యడానికే లేస్తున్నాయి, కోర్టులోనూ ఆసుపత్రిలోనూ బ్యాంకులోనూ. ఈ పనిలో ఎవరి మాట చెబితే వాళ్లలాగే 'నేను' అనాలి. నేను కొట్టలేదు, నాకు కడుపులో నొప్పి, నేను సంతకం పెట్టను. పొద్దస్తమానం నేను నేను అని, ఇంటికొచ్చి తలుపు తీస్తే, ఆ మాట అనడానికి ఎదురుగా మనిషి ఉండడు. అదొక దిక్కుమాలిన ఒంటరితనం. దానికి అలవాటు పడ్డానని చెప్పుకుంటుంది గానీ పడలేదు.

బస్సు ఎక్కాక కూడా కిటికీ అవతల ఆయన రైలునీ రెండు దీపాలనీ చేతులతో చూపిస్తూ నిలబడ్డాడు. ఆవిడ బస్సులో అందరి ముందూ నవ్వేసింది.

మర్నాడు పొద్దున టీ కప్పు పక్కన పెట్టుకుని మాస్టారి పుస్తకం తెరిచింది. ఉపన్యాసాలన్నీ ఆ పుస్తకంలోవే, హాలు గుమ్మం దగ్గరే అమ్ముతున్నారు. సాయంత్రం మళ్లీ చీకట్లో దొరికిపోకూడదని ముందే చదువుకుందామని ఆవిడ ఆలోచన. రైలు బొమ్మ ఉన్న పేజీ వచ్చింది. మాస్టారు మామూలు మనుషుల కోసం రాసే మనిషి, ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఆయనకి తెలుసు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఇదేదో వార్త ఆలస్యంగా అందడం అనుకుంటారు, అది కాదు అని పేజీ మధ్యలో రాశాడు. వెలుగు వచ్చి చేరడానికి పట్టిన కాలాన్ని ఇద్దరూ లెక్క కట్టి తీసేయండి. తీసేశాక కూడా ఇద్దరి జవాబులూ కలవవు. ఇద్దరిలో ఎవరూ మోసపోలేదు, ఎవరికీ ఏదీ ఆలస్యం కాలేదు. 'ఒకేసారి' అన్న మాటే వాళ్లిద్దరికీ ఒకటి కాదు.

ఆవిడ ఆ పేరా మళ్లీ చదివింది. టీ మీద మీగడ కట్టింది. నిన్న తను అంత అందంగా చెప్పింది, పొరబడకండి అని మాస్టారు వేలు పెట్టి చూపించిన ఆ పొరపాటునే.

అక్కయ్య ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పుల నుంచి మొదలుపెట్టి, మందుల షాపువాడి పొగరు మీదుగా, నువ్వెలా ఉన్నావే అన్నదాకా వచ్చేసరికి చెల్లెలు ఈ సంగతంతా చెప్పేసింది. అక్కయ్యకి రైలూ అక్కర్లేదు, దీపాలూ అక్కర్లేదు. ఆయన సంతోషంగా ఇంటికెళ్లాడా లేదా అని అడిగింది. వెళ్లాడంది చెల్లెలు.

"మరింకేం? ఇప్పుడు నువ్వెళ్లి అది తప్పని చెప్పకపోతే ఏం కొంప మునిగింది?"

మునగదు. అదే ఆవిడ బాధ. ఎవరికీ తెలీదు. హాల్లో సైగలు తెలిసినవాళ్లు ఇద్దరే, తను, ఆయన.

చెప్పేద్దామనే బేకరీకి వెళ్లింది. వెనక గుమ్మం తీసే ఉంది. లోపల పిండి వాసన, వేడి. ఆయన బల్ల ముందు నిలబడి పిండి ముద్ద కోసి త్రాసులో పడేస్తున్నాడు, తీసి రెండు అరచేతుల కిందా రెండు ఉండలు పెట్టి ఒకేసారి గుండ్రంగా తిప్పుతున్నాడు. రెండూ ఒకే తీరుగా బిగిసి నున్నగా తయారవుతున్నాయి. నూనె రాసిన రేకు డబ్బాల్లోకి ఒక్కొక్కటే జారవిడిచి, పైన తడిగుడ్డ కప్పుతున్నాడు. తల ఎత్తి ఆవిడని చూసి మొహం ఇంతయింది. చేతులకి పిండి ఉండటంతో మోచేతులతోనే రమ్మన్నాడు.

యజమాని ముందు గదిలోంచి వచ్చాడు. ఆయన బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉండే మనిషి. సైగల మేడం మీరేనా అని అడిగి, ఇక మొదలుపెట్టాడు. పొద్దున పనిలోకి వచ్చినప్పటి నుంచీ ఒకటే గోల అన్నాడు. రెండు రొట్టెలు బల్లకి ఆ చివరా ఈ చివరా పెట్టి, పొయ్యి కుర్రాణ్ణి నిలబెట్టి, తను అటూ ఇటూ పరిగెత్తి, ఏదో రైలంటాడు, దీపాలంటాడు.

"నాకు అర్థమైందో లేదో దేవుడికే తెలియాలి," అన్నాడు యజమాని తుడవడం ఆపి. "కానీ ఇన్నేళ్లలో ఆయన మాకు ఒక సంగతి చెప్పడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ మేం చెప్పడం, ఆయన తలూపడం."

బేకరీ ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏమంటున్నాడు అని అడిగాడు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సిగ్గుపడి, ఉండల మీదికి వంగిపోయాడు. ఇక ఆవిడ ఏం చెబుతుంది? బ్రెడ్డు ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెడితే పుచ్చుకుని వచ్చేసింది. దారిపొడుగునా తనని తానే తిట్టుకుంది.

సాయంత్రం దీపం సర్దుకుంటూంటే లైబ్రేరియన్ దగ్గరికొచ్చాడు. నిన్న ఆయన పడ్డ ఇబ్బంది మొహంలో ఇంకా ఉంది. కమిటీవాళ్లు అడిగారట, ఒక్క మనిషి కోసం ఈ సైగల ఏర్పాటు దేనికని. తను సర్దిచెప్పాడట. మూడు రోజులూ వినేవాడు వస్తే, వచ్చే నెల నుంచి జరిగే ప్రతి ఉపన్యాసానికీ ఆవిడనే పెట్టమని రాస్తాడట.

"ఆయన మానేశాడనుకోండి, ఇక నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు. "కాస్త వచ్చేలా చూసుకోండి."

ప్రతి నెలా ఒక సాయంత్రం. వినే కళ్లు. ఆ మాట ఆవిడని ఎంత ఆశపెట్టిందో లైబ్రేరియన్‌కి తెలిసే అవకాశం లేదు. ఆయన రావాలంటే ఆయనకి ఆ రైలు ఉండాలి. రైలు తీసేసుకుంటే ఎందుకొస్తాడు?

ఆ రోజు మాస్టారు కవలల కథ చెప్పాడు. ఒకడు ఇంట్లోనే ఉంటాడు, రెండోవాడు మహా వేగంగా నక్షత్రాల దాకా పోయి తిరిగొస్తాడు. వచ్చేసరికి ఇంట్లో ఉన్నవాడికి జుట్టు నెరిసి ఉంటుంది, వెళ్లినవాడు ఇంకా పడుచువాడే. పరిగెత్తే గడియారం నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి. ఇక్కడ సైగల మేడంకి కొత్త చిక్కొచ్చింది. ఎడమ చెయ్యి ఇంట్లో గడియారం, కుడి చెయ్యి వెళ్లినవాడి గడియారం అని పెట్టుకుంది. రెండు చేతుల్నీ వేరువేరు తాళంలో కొట్టాలి. మనిషి చేతులు కవలల కన్నా ఘోరం, ఒకటి ఎటు పోతే రెండోదీ అటే. నాలుగు దెబ్బలు కొట్టేసరికి రెండూ ఒక్కటైపోతున్నాయి. బేకరీ ఆయన అది కనిపెట్టి నవ్వాపుకుంటూ, బల్ల మీద ఉండలు చేస్తున్నట్టు అరచేతులు తిప్పి చూపించాడు. చివరికి ఆవిడ ఎడమ చెయ్యి ఆపేసి ఒక్కో గడియారాన్నీ విడివిడిగా చెప్పింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ హాల్లో ఆ నవ్వు వాళ్లిద్దరిదే.

ఆ నవ్వు చూసే ఆవిడ నిశ్చయించుకుంది. ఇంత నమ్మి చూస్తున్న మనిషికి అబద్ధం తినిపించి రోజులు గడపడం తన వల్ల కాదు.

దీపస్తంభం కింద ఆగింది. ఆగి, గుండె మీద వేలు పెట్టుకుంది. ఆయన వెనక్కి చూశాడు, ఇంకెవరి మాటో మోసుకొస్తోందనుకున్నాడు. ఆవిడ మళ్లీ గుండె మీద తట్టుకుంది.

"నేను. నేనే చెబుతున్నాను. రైలు సంగతి నీకు తప్పు చెప్పాను. నేను దీపం కోసం వెళ్లినప్పుడు మాస్టారు చెప్పింది నాకు వినబడలేదు. మధ్యలోది నేను కల్పించాను. అది వార్త ఆలస్యం కావడం కాదు."

తర్వాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆలస్యాన్ని తీసేశాక కూడా ఇద్దరికీ కలవదని, అది వేరే వింత అని. ఆయన ఓపిగ్గా చూశాడు. మొహంలోంచి ఒక్కొక్కటే దిగిపోయింది, నవ్వు, ఆసక్తి, చివరికి మర్యాద కూడా.

"మరి నాది?" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని ఆవిడకి పొద్దుటి నుంచీ తెలుసు. తప్పించుకోవడానికి వంద దారులు వెతికింది, దొరకలేదు.

"నీది లోకం తీరు కాదు," అంది. "నీకు ఆలస్యంగా అందుతున్నది దీపం ఆర్పేస్తున్నారు కాబట్టి. పక్కన కూర్చున్నవాళ్లు చెప్పడం లేదు కాబట్టి. మనుషులు తలుచుకుంటే ఆలస్యం కాదు."

బస్సొకటి వచ్చి వెళ్లిపోయింది. లోకం తీరు అంటే ఎవరినీ అడిగే పని లేదు, మనసుకి నిమ్మళం. మనుషులు అంటే మళ్లీ ఇంట్లోవాళ్లు గుర్తొస్తారు, భోజనాల బల్ల గుర్తొస్తుంది. ఆ నిమ్మళాన్ని ఇచ్చిన చేతులతోనే ఆవిడ లాక్కుంది.

"తెలీదని నిన్ననే చెప్పొచ్చుగా," అన్నాడు ఆఖరికి. అని వెనక్కి తిరిగి నడిచాడు.

వెనక్కి తిరిగినవాణ్ణి ఎలా పిలవడం? కేకేస్తే వినబడదు. చేతులెత్తితే కనబడవు. పరిగెత్తి భుజం పట్టుకునే చనువు లేదు. ఆయన ఒక దీపం దాటాడు, ఇంకో దీపం దాటాడు, ఎక్కడా ఆగలేదు. ఆవిడ బస్సు ఎక్కి, నిన్నటి సీటు ఖాళీగా ఉన్నా అందులో కూర్చోకుండా, ఇంటిదాకా నిలబడే వెళ్లింది.

మూడో రోజు మొదటి వరసలో ఆ కుర్చీ ఖాళీ.

మాస్టారు మొదలుపెట్టేశాడు. ఆ రోజు తెర లేదు, తెల్ల బోర్డు పెట్టించుకున్నాడు. సైగల మేడం దీపం వెలిగించుకుని తన చోట నిలబడింది. చేతులు ముందుకి కట్టుకుంది. చూసేవాడు లేనప్పుడు చెయ్యి ఎత్తకూడదు, ఎత్తినా దానికి అర్థం లేదు. వెలుగులో ఊరికే నిలబడటం ఎంత సిగ్గుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. మొదటి రోజు మొహం చిట్లించినావిడ ఈవిడని ఎగాదిగా చూసింది. లైబ్రేరియన్ పిల్లిలా వచ్చి, ఎవరూ లేరు కదమ్మా, కూర్చోండి, దీపం కూడా ఆర్పేద్దాం అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎందుకు ఊపిందో ఆవిడకే తెలీదు. మొండితనం, అంతే. లోపల మాత్రం, నిజం చెప్పి ఏం బావుకున్నావే అని తననే దెప్పుకుంటోంది. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఆ కుర్చీలో మనిషి ఉండేవాడు. నెలకో సాయంత్రం ఉండేది.

మాస్టారు స్థలాన్నీ కాలాన్నీ కలిపి ఒకే బొమ్మలో గీయడం ఎలాగో చెబుతున్నాడు. అడ్డంగా దూరం, నిలువుగా కాలం. కదలకుండా కూర్చున్న మనిషి కూడా ఈ బొమ్మలో నిటారుగా పైకి పోతూనే ఉంటాడు, ఎందుకంటే కాలం పోతోంది కాబట్టి. ఈ మాట దగ్గర ఆవిడకి తన ఇల్లు గుర్తొచ్చింది. తన గదిలో తను, కదలకుండా, నిటారుగా పైకి.

తలుపు చప్పుడైంది. బేకరీ ఆయన వచ్చాడు. పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, చొక్కా మోచేతుల పైకి మడిచి ఉంది, ముంజేతుల మీద పిండి. నవ్వలేదు, పలకరించలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుని ఆవిడ వైపు సూటిగా చూశాడు. ఒక్కటే మాట అన్నాడు చేతులతో.

"వినబడనిది వినబడలేదని చెప్పు."

ఆవిడ తలూపింది. చేతులు విప్పింది. ఆ తర్వాత మాస్టారు అన్నది అన్నట్టు, దగ్గిన చోట దగ్గాడని సహా చెప్పింది. ఒక చోట హాలు వెనక నుంచి ఎవరో ఏదో అని నవ్వించారు. అది తనకి అందలేదు. అందలేదని చెప్పింది. ఆయన సరే అన్నాడు.

చివర్లో ప్రశ్నలు. ఎవరో కాలంలో వెనక్కి పోవచ్చా అని అడిగారు, ఎవరో పుస్తకం రెండో భాగం ఎప్పుడన్నారు. బేకరీ ఆయన చెయ్యెత్తాడు. లేచి నిలబడ్డాడు. సైగల మేడం ఆయన చేతులు చూస్తూ, ఆయన తరఫున గొంతు విప్పింది.

"నేను కవలల గురించి అడుగుతున్నాను. ఇంట్లో ఉన్న అన్న ముసలివాడయ్యాడు, వెళ్లొచ్చిన తమ్ముడు పడుచువాడుగా ఉన్నాడు అన్నారు. తమ్ముడి వైపు నుంచి చూస్తే, తను కదల్లేదు, ఇల్లే దూరంగా పోయి తిరిగొచ్చింది అనుకోవచ్చు కదా. అప్పుడు అన్న కదా పడుచుగా ఉండాలి? ఇద్దరిలో ఒకరికే ఎందుకు?"

హాలు తలలు తిప్పింది. మాస్టారు జవాబు మొదలుపెట్టాడు. తమ్ముడు మధ్యలో మలుపు తిరగాలి, అన్న తిరగడు, తేడా అక్కడుంది అన్నాడు. ఆవిడ చెప్పింది. బేకరీ ఆయన ఒప్పుకోలేదు. ఇంకేదో చెప్పబోయి, చేతులు ఆపి, అటూ ఇటూ చూసి, గబుక్కున కుర్చీల మధ్యలోంచి వెళ్లి బోర్డు దగ్గర నిలబడ్డాడు. మాస్టారి చేతిలోని పెన్ను వైపు చెయ్యి చాచాడు. మాస్టారు ఒక్క క్షణం బిత్తరపోయి, ఇచ్చాడు.

ఆయన కింద ఒక చుక్క పెట్టాడు, పైన ఒక చుక్క పెట్టాడు. రెండిటినీ కలుపుతూ నిటారుగా ఒక గీత, అది అన్న. పక్కకి పోయి మళ్లీ మడత తిరిగి వచ్చే గీత ఇంకొకటి, అది తమ్ముడు. తర్వాత గడియారం దెబ్బలకి గుర్తుగా నిటారు గీత మీద అడ్డగాట్లు పెట్టాడు. వంకర గీత మీద ఇంకా ఎక్కువ పెట్టాడు. పెట్టి, వంకర గీత పొడుగుని వేళ్లతో జానలు వేసి చూపించాడు. పొడుగుది ఇదే కదా, మరి ఎక్కువ దెబ్బలు దీనివే కావాలి కదా.

మాస్టారి మొహం వెలిగింది. తల అడ్డంగా ఊపుతూ ఆయన వంకర గీత మీది గాట్లన్నీ బొటనవేలితో తుడిపేసి, ఎడం ఎడంగా కొన్నే పెట్టాడు. బేకరీ ఆయన గీత మీద టకటకా కొట్టాడు. పొడుగు కదా. మాస్టారు ఔనని తలూపాడు, గాట్లు చూపించి మళ్లీ కాదని ఊపాడు. బోర్డు మీద పొడుగుది, కాలంలో పొట్టిది. ఇద్దరూ బోర్డు మీదికి వంగిపోయారు.

సైగల మేడం దీపం వదిలి వాళ్ల దగ్గరికి నడిచింది. మాస్టారు అన్న ముక్క అందించడానికి చేతులెత్తింది. బేకరీ ఆయన బోర్డు మీంచి కళ్లు తిప్పకుండానే, అరచెయ్యి ఆవిడ వైపు పెట్టాడు. ఉండు.

మాస్టారు కూడా మాట్లాడటం మానేశాడు. ఇంకో పెన్ను తీసుకున్నాడు. మడత దగ్గర గుండ్రంగా చుట్టి, అక్కడ తమ్ముడు ఒళ్లు తూలినట్టు తనే తూలి చూపించాడు. బేకరీ ఆయన కూడా తూలి చూశాడు. మళ్లీ నిటారు గీత దగ్గర నిలబడి, ఇక్కడ తూలడం లేదని చూసుకున్నాడు. ఏదో గీశాడు. మాస్టారు అది సగం తుడిచి సగం ఉంచాడు.

ఆవిడ చేతులు దించేసింది. చెంప మీద కొట్టినట్టు తగిలింది. వెంటనే సంతోషం కూడా వేసింది, నిజంగా వేసింది, ఏడుపొచ్చేంత. రెండిట్లో ఏది ముందో చెప్పమంటే చెప్పలేదు. వెనక్కి వచ్చి, ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. మొహం చిట్లించినావిడ ముందుకి వంగి, ఏమంటున్నారండీ వాళ్లు, ఆ పక్కగీతకి గాట్లు ఎందుకు తగ్గించారు అని అడిగింది. ఇంకెవరో లేచి నిలబడి, కాస్త మాకూ చెప్పండి అన్నారు. అందరూ సైగల మేడం వైపే చూశారు.

"నాకు తెలీదండీ," అందావిడ. "నాకూ వినబడటం లేదు."

కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు కూర్చుని మెడలు సాచారు. లైబ్రేరియన్ తాళాల గుత్తి పట్టుకుని ముందుకొచ్చి, ఆవిడ కుర్చీ ఎదురుగా నిలబడి, బోర్డు వైపు కాసేపు చూశాడు. ఆయన మొహంలో ఓ బరువు దిగిన తేలిక కనబడింది.

"చూశారా, బోర్డు ఒకటుంటే చాలన్నమాట," అన్నాడు. "ఇదే రాస్తాను కమిటీకి. వచ్చే నెల నుంచి మీకూ శ్రమ ఉండదు."

ఆ ప్రశ్న ఎవరి గొంతుతో అక్కడిదాకా వెళ్లిందో ఆయనకి గుర్తు చెయ్యొచ్చు. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పుడే బోర్డు దగ్గర బేకరీ ఆయన పెన్ను పైకెత్తి, ఏదో దొరికినట్టు ఆగిపోయాడు. మాస్టారు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"వచ్చే నెల సంగతి తర్వాత చూద్దాం," అందావిడ మెడ సాచి. "మీరు కాస్త పక్కకి జరగండి. నాకు కనబడటం లేదు."

లైబ్రేరియన్ జరిగాడు.